కేకల జట్టు మాకు చేసిన మేలు

యుద్ధం రోజుల్లో మదనపల్లెలో ఒక ఫుట్‌బాల్ టీము ఉండేది. ఆ టీము గురించి నేను చెప్పేదేమీ లేదు. ఆడినవాళ్ళు చదువుకున్న ఇళ్ళ పిల్లలు, గుమాస్తాలు. గీత బయట నిలబడి వాళ్ళ కోసం గొంతు చించుకున్న వాళ్ళ గురించి నాకు తెలుసు. ఊరు వాళ్ళను కేకల జట్టు అనేది. మండీలో మూటలు మోసేవాళ్ళు, జట్కా తోలేవాళ్ళు, సాయిబుల వీధి దర్జీలు అందులో ఉండేవాళ్ళు. గిన్నెలకు కళాయి పూసే సాయిబు ఒకాయన వాళ్ళకు పెద్ద. నా మొగుడు పగలు మండీలో మూటలు మోసేవాడు, ఆట ఉన్న రోజు జట్టులో పలక డప్పు కొట్టేవాడు.

ఇప్పుడు కుప్పంలో నా మనవడి ఈడు పిల్లలు అలాంటి జట్టే ఒకటి పెట్టుకున్నారు. వెనకటి జట్లు ఊరికి ఎంత మేలు చేసేవో రాసిమ్మని నన్నడిగారు. అరవై దాటినాక అక్షరాలు దిద్దినదాన్ని, పొగడడానికి పెద్ద మాటలు నాకు రావు. మేలు ఉంది, అది రాస్తాను. దాని వెనకాలే వచ్చింది కూడా రాస్తాను. అచ్చు వేసుకుంటారో చింపేస్తారో వాళ్ళ ఇష్టం.

మా ఇంటి కప్పు ఒకసారి కాలిపోయింది. పొయ్యిలోంచి రవ్వ లేచి కప్పిన బోదగడ్డికి అంటుకుంది. నేను కడుపుతో ఉన్నాను. పెద్దపిల్లను చంకనేసుకుని వీధిలో కూర్చుని ఏడుస్తున్నాను. ఆట మధ్యలో కబురందితే జట్టు మైదానం వదిలి వచ్చేసింది. ఎవరి దొడ్లో అడిగారో, బోద మోపులు, వెదురు గడలు తెచ్చి పడేశారు. కళాయి సాయిబు వాసం మీదికెక్కి కూర్చుని, కట్లు కడుతూనే కిందకు చూసి అరిచాడు.

"అరె చెల్లెమ్మా, ఏడ్సింది సాలు. నీళ్ళు తే. నీ కప్పు రేపటికి మళ్ళా పాత మాదిరే అయిపోతాది."

మా కడవలో నీళ్ళు ముట్టని కులాలు ఆ ఊళ్ళో చాలా ఉండేవి. ఆ పొద్దు జట్టులో అందరూ తాగారు. చీకటి పడకముందే మా నెత్తిన కప్పు నిలిచింది. కాన్పు కష్టమైతే జట్కా పంపి మంత్రసానిని పిలిపించడం, ఎత్తేవాళ్ళు లేని పీనుగకు భుజం పట్టడం, గుంత తవ్వడం అన్నీ వాళ్ళే చేసేవాళ్ళు. ఏదన్నా ఆపద వస్తే మా వీధి ఆడవాళ్ళం "జట్టు ఉండాదిలే" అనుకునేవాళ్ళం. ఇది మేలు. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఇక వాళ్ళ పనితనం. పుంగనూరులో ఆట జరిగినప్పుడు నేనూ బండెక్కి పోయాను. నా పుట్టిల్లు సదుం పక్కన, అటునుంచి పోయి అమ్మను చూసి రావచ్చని ఆశ. అప్పటికి మగపిల్లవాడు పుట్టి నా ఒళ్ళో ఉన్నాడు. పుంగనూరు టీము కెప్టెను గోలు దగ్గర నిలబడి, ముందరున్న పిల్లకాయలకు ఎటు పోవాలో ఎవరికియ్యాలో అరిచి చెప్పే మనిషి. ఆ గొంతే వాళ్ళ బలం. కళాయి సాయిబు జట్టును తీసుకుపోయి సరిగ్గా ఆయన వెనకాల నిలబెట్టాడు. ఆయన నోరు తెరిస్తే చాలు, సాయిబు ఎర్ర తువ్వాలు పైకెత్తేవాడు. పలక, కిరసనాయిలు డబ్బాలు, గొంతులు అన్నీ ఒక్కసారిగా లేచేవి. తువ్వాలు దించితే టక్కున ఆగేవి. కెప్టెను మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు, పక్కవాడికి కూడా వినపడడం లేదు. వాళ్ళ పిల్లలు వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ బంతి పోగొట్టుకున్నారు. మనవాళ్ళు గెలిచారు.

తిరుగు ప్రయాణంలో బండి నిండా నవ్వులే.

"ఆయప్ప మెడ సూస్తివా మేయ్? కప్ప మాదిరి ఉబ్బె!" అన్నాడు నా మొగుడు.

"పాపం, ఆయప్ప పెండ్లాం ఈ పొద్దు మిరియాల కషాయం కాయల్ల," అన్నాను నేను.

"కషాయానికి తగ్గేది కాదమ్మా అది," అన్నాడు సాయిబు. "ఇంగ నెల దినాలు పెండ్లాన్ని తిట్టాలన్నా సైగ సెయ్యాల్సిందే."

నేను కూడా పొట్ట పట్టుకుని నవ్వాను.

యుద్ధం మూలంగా బంతి దొరకని రోజులవి. తోలు చిరిగితే కుట్టించుకోవచ్చు, లోపలి బ్లాడరు పోతే దిక్కు లేదు. నా మొగుడు మూటలు మోసే మండీ యజమానే బెంగుళూరు మనుషుల చేత బ్లాడర్లు తెప్పించి ఇచ్చేవాడు. టీముకు చొక్కాలు ఆయనవే, పుంగనూరు పోయిన బండ్లు ఆయనవే. మా వీధికి రాగులు పోసే కంట్రోలు డిపో కూడా ఆయనదే. మొదట్లో ఆ రాగుల్లో మట్టి, రాళ్ళు వచ్చేవి. చెరుక్కుని తిన్నాం. తర్వాత అవీ లేవు, సరుకు రాలేదు పొమ్మన్నాడు.

"ఎనక గోడౌను నిండా ఉండాయి మేయ్," అన్నాడు నా మొగుడు ఇంట్లో. "సీకట్నే బండ్లకెత్తి మైసూరు పక్కకు తోలిస్తాండాడు. నేనే మోస్తి."

"మరి మనకు లేవంటాడే?"

"అడిగేదెవరు ఆయప్పను?"

నాకు పాలు ఇంకిపోయాయి. పిల్లవాడు రొమ్ము లాగి లాగి, ఏమీ రాక, ఏడ్చే ఓపిక కూడా లేక నోరు తెరుచుకుని పడుకునేవాడు. పెద్దపిల్ల ఉడకబెట్టిన చింతగింజలు తిని కడుపు పట్టుకుని దొర్లేది. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఇదే. ఇంతలో డిపో చూడడానికి తాసిల్దారు వస్తున్నాడని తెలిసింది. ఆడవాళ్ళందరం పోయి ఒకే ఒక్క మాట అడగాలనుకున్నాం, వెనక గోడౌను తలుపు తీయించి చూడమని. అంతకంటే ఏమీ అక్కర్లేదు. తలుపు తీస్తే రాగులే చెబుతాయి.

"నీ నోరే పెద్దదమ్మా, నువ్వే అడగల్ల," అంది పక్కింటి ఆమె. సరేనన్నాను. నా మొగుడికి కూడా చెప్పాను. "అడుక్కోండి, నేనేం వద్దంటినా," అన్నాడు.

తాసిల్దారు వచ్చే రోజు పొద్దున నా మొగుడు గోడకున్న పలక తీసి, వాకిట్లో ఎండుగడ్డి మంట వేసి కాచుతున్నాడు.

"ఈ పొద్దు ఆట లేదే, యాడికి?"

"తాసిల్దారుకు మర్యాద సెయ్యల్లంట. మండీ ఆయన జట్టును రమ్మనుండాడు."

మర్యాదే అనుకున్నాను. మేమంతా డిపో ముందుకు పోయేసరికి పందిరి కింద కుర్చీలో తాసిల్దారు, మెడలో పూలదండ. పక్కన చేతులు కట్టుకుని మండీ ఆయన. ఆ పక్కన జట్టు. ఆడవాళ్ళు నన్ను ముందుకు తోశారు. చేతులు జోడించి, "అయ్యా!" అన్నాను.

మండీ ఆయన కళాయి సాయిబు వైపు చూశాడు. ఎర్ర తువ్వాలు లేచింది.

ఆ చప్పుడు నాకు కొత్తది కాదు. పుంగనూరులో విన్నదే. గోడౌను తలుపు తీయించమని అరిచాను. నా మాట నాకే వినపడలేదు. వెనకున్న ఆడవాళ్ళు కూడా అరిచారు. నేను ఎత్తితే పలక ఇంకా ఎత్తింది, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే అదీ ఆగింది. నాలుగు బారల దూరంలో నా మొగుడు తల వంచి కొడుతున్నాడు. మండీ ఆయన వంగి తాసిల్దారు చెవిలో ఏదో చెప్పాడు. తాసిల్దారు మా జోడించిన చేతులు చూశాడు, తెరిచిన నోళ్ళు చూశాడు. నవ్వి, లేచి నిలబడి, మాకు నమస్కారం పెట్టాడు. జైకొట్టడానికి వచ్చామనుకున్నాడు. తర్వాత కారెక్కి వెళ్ళిపోయాడు.

"నన్ను సూసినావా లేదా?" అని ఇంటికొచ్చాక నా మొగుడిని నిలదీశాను.

"సూసినా."

"మరి యాల ఆపలేదు?"

"సాయిబు తువ్వాలు దించలేదే."

"సాయిబు తువ్వాలా, నీ బిడ్డ కడుపా?"

"బంతి మండీ ఆయనది మేయ్. ఆయన సెయ్యి తీస్తే టీము లేదు, టీము లేకపోతే జట్టు లేదు. జట్టు లేకుంటే మన కప్పు ఎవురేసుందురు?"

ఆ మాటకు జవాబు అప్పుడు నాకు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు. కోపం మాత్రం అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

కొద్ది రోజులకు పిల్లవాడు పోయాడు. ఆకలితో పోయాడని నేననను, జ్వరంతో పోయాడు. కడుపులో ఇంత పడిన పిల్లవాడైతే ఆ జ్వరానికి తట్టుకునేవాడు. జట్టు మొత్తం వచ్చింది. వాళ్ళే గుంత తవ్వారు, వాళ్ళే మోసుకుపోయారు. ఒక్కరి గొంతు లేవలేదు. వాళ్ళు నోరు మూసుకుని ఉండగలరని నేను ఆ పొద్దు చూశాను.

ఆ వారంలోనే కళాయి సాయిబు రాగుల మూట భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. జట్టులో ఇద్దరు వెనకే నిలబడ్డారు.

"చెల్లెమ్మా, మండీ ఆయన పంపించిండాడు. జట్టంతా పోయి అడిగితే ఇచ్చినాడు."

"ముందరే అడిగుంటే?"

సాయిబు మూట భుజం మార్చుకున్నాడు. "వద్దంటే వాపసు తీసకపోతా. నీది తప్పనను," అన్నాడు.

మండీ ఆయన ఎందుకు పంపాడో నాకు తెలియక కాదు. మా వీధిలో పెద్ద నోరు నాదే. మూట ఆయన మొహాన కొట్టి రమ్మనే మాట నాలుక దాకా వచ్చింది. ఇంతలో పెద్దపిల్ల మూట కుట్టు సందులోంచి వేలు పెట్టి నాలుగు గింజలు లాగి, పచ్చివే నమలడం మొదలుపెట్టింది.

"దించు," అన్నాను.

చాటలో పోసి చెరిగాను. ఒక్క రాయి లేదు. తిరగలిలో విసిరి సంగటి కెలికాను. పిల్లకు పెట్టాను, మొగుడికి పెట్టాను, నేనూ తిన్నాను. రుచిగా ఉంది. రుచిగా లేదని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఉడికే సంగటి వాసన వీధిలో ఎవరికి తెలియదు? పక్కింటి ఆమెకు ఒక చాటెడు రాగులు పట్టుకుపోయాను. ఆమె చేతులు చాపలేదు.

"నీకు ముట్టిందిలేమ్మా," అంది. "నువ్వు తిను."

"నేనడిగి తెచ్చుకున్నానా?"

"నేనట్లా అంటినా? నీ ఇంటోడు కొట్టె, నీకు ముట్టె. పో, పిల్లకు పెట్టు."

తర్వాత మా వీధి ఆడవాళ్ళు మళ్ళీ బయలుదేరారు. ఈసారి డిపో దగ్గరికి కాదు, నేరుగా తాలూకా ఆఫీసుకు. మండీ ఆయనకు తెలియనివ్వలేదు, జట్టుకు తెలియనివ్వలేదు. నాకు కూడా. ఆఫీసు మెట్ల మీద కూర్చుని, తాసిల్దారు బయటకు వచ్చేదాకా కదల్లేదట. ఆయన విన్నాడు. గోడౌను తలుపు తీయించాడు. డిపో ఇంకొకరికి పోయింది, రాగులు మనిషికింత అని పోశారు. ఇదంతా మైదానంలో జట్టువాళ్ళు చెప్పుకుంటుంటే విని నా మొగుడు నాకు చెప్పాడు.

ఆ ఏడాదే మేము కుప్పానికి రైలు పట్టాల కూలికి వచ్చేశాం. ఎందుకొచ్చారని అడిగిన వాళ్ళకు కూలి కోసమని చెబుతూ వచ్చాను.

ఆడవాళ్ళు తాలూకా ఆఫీసుకు పోయిన పొద్దు నేను వాకిట్లోనే ఉన్నాను. వరుసగా మా గడప ముందు నుంచే పోయారు. ఎవరూ నా వైపు తిరిగి చూడలేదు. ఏ నీళ్ళకో పుల్లలకో పోతున్నారనుకున్నాను. లోపల మూట సగం కూడా తగ్గలేదు.