రాయి తీశాకే గేరు

మా లారీ కంపెనీలో అందరికీ పేర్లు పెట్టింది నేనే. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు జీతాల రిజిస్టర్లో ఉండేవి, నేను పెట్టినవి నోళ్లలో ఉండేవి. కంపెనీ మూతపడి పదేళ్లయింది. ఆ రిజిస్టరు ఏ చెదపురుగుల పాలైందో తెలియదు గానీ, నా పేర్లు మాత్రం ఇంకా చెలామణీలో ఉన్నాయి. గొంతు పెద్దదని ఒకడు హారన్. ఒకచోట నిలవలేడని ఒకడు బొంగరం. వాడికి కాలుగాలిన పిల్లి అని పెడదామనుకున్నాను, పిలవడానికి పొడుగైపోతుందని బొంగరంతో సరిపెట్టాను. ఈ రాసేదంతా ఆ బొంగరం గురించే.

డ్రైవరు సీటు తప్ప వాడు ఎక్కడా కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. లోడు ఎక్కుతున్నంతసేపూ మేమంతా నీడ చూసుకుని నడుం వాల్చేవాళ్లం. వాడు మాత్రం బండి చుట్టూ తిరిగేవాడు, తాళ్లు లాగి చూసేవాడు, టైర్లు తన్ని చూసేవాడు, మళ్లీ మొదటికొచ్చేవాడు. బల్ల మీద పక్కన కూర్చుంటే వాడి మోకాలు ఊగి మన గ్లాసులో టీ తొణికేది. తొణికిన టీ చూసి నొచ్చుకుని లేచి నిలబడేవాడు. నిలబడ్డవాడు ఇక నడవకుండా ఉంటాడా?

ఇంకో పిచ్చి కూడా ఉండేది వాడికి. రోడ్డు మీద రాయి కనబడితే చాలు, బండి ఆపేవాడు. ఇటుక ముక్క కానీ, మొద్దు కానీ, పది టన్నుల లోడుతో ఎత్తు ఎక్కుతున్నా సరే, ఆపి, దిగి, దాన్ని రోడ్డు అవతలికి విసిరేసి గానీ కదిలేవాడు కాదు. వెనక బండ్లవాళ్లు హారన్లతో పాటు నోళ్లకీ పనిచెప్పేవాళ్లు. "లోడు తోలుతున్నావా, రోడ్డు ఊడుస్తున్నావా?" అని సూపర్‌వైజరు ఎన్నిసార్లు తిట్టాడో. ఈ పిచ్చి వాడికి పుట్టుకతో లేదు. కూతురు పుట్టిన ఏడాది పట్టుకుంది. పిల్ల పుట్టాక బాధ్యత తెలిసొచ్చిందిలే అనుకున్నాం. మేం అంత తెలివైనవాళ్లం మరి.

లారీ నడపనివాళ్లకి ఇక్కడో ముక్క చెప్పాలి. దారిలో బండి ఆగిపోతే, దొర్లిపోకుండా చక్రాల వెనక రాళ్లు పెడతాం. వెనక వచ్చేవాడు గమనించి తప్పుకోవడానికి, కాస్త దూరంగా రోడ్డు మీద కూడా రాళ్లు పెడతాం. బాగుచేసుకున్నాక, గండం గట్టెక్కిందన్న సంతోషంలో ఎక్కి వెళ్లిపోవడం, రాళ్లు అక్కడే ఉండిపోవడం, ఇది లారీవాళ్లకే చేతనైన తప్పు. ఒకడి ప్రాణం కాపాడిన రాయి ఇంకొకడి ప్రాణం మీదికొస్తుంది. మా కంపెనీలో కొత్తవాడికి చెప్పే మొదటి పాఠం "రాయి తీశాకే గేరు" అని. రాయి వదిలేశాడని తేలితే వాడి చేతికి మళ్లీ బండి ఇచ్చేవాళ్లు కాదు.

ఆ పాఠం నాకూ బొంగరానికీ నేర్పింది రాయన్న. అప్పటికి ఆయన ఇంకా రాయన్న కాదు. మాకంటే పదేళ్లు పెద్ద. అద్దాల లోడు వచ్చిందంటే సూపర్‌వైజరు ఇంకెవరి వైపూ చూసేవాడు కాదు. ఆయన చేతిలో స్టీరింగు ఉంటే వెనక అద్దాలు చప్పుడు చేయడానికి కూడా మొహమాటపడతాయని అనుకునేవాళ్లం.

ఇరవై ఆరేళ్ల క్రితం, మంచు బాగా పట్టిన ఒక తెల్లవారుజామున, వంతెన దాటాక రెండో మలుపులో ఆయన బండి కల్వర్టు గోడను గుద్ది పడిపోయింది. అద్దాలన్నీ పొడైపోయాయి. ఆయనకి ఎడమ చెయ్యి విరిగింది. "రోడ్డు మీద రాయి ఉంది, చక్రం దాని మీదికెక్కి స్టీరింగు లాగేసింది" అన్నాడు. కంపెనీ వాళ్లు మధ్యాహ్నం వెళ్లి చూశారు. అప్పటికే జనం పోగై, క్రేను వచ్చి, అంతా తోసి శుభ్రం చేసేశారు. రాయి ఎక్కడుంటుంది? నిద్రపట్టి గుద్దాడని రాసేశారు. రెండు నెలల్లో చెయ్యి అతుక్కుంది. బండి మాత్రం తిరిగి చేతికి రాలేదు. గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చే పోయే బండ్ల నంబర్లు రాసుకోమన్నారు.

ఆయన ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు, గేటు దగ్గర నేను బండి ఆపి తల బయటికి పెట్టి అడిగాను. "అన్నా, ముందు రాయేమైనా ఉందా?"

యార్డంతా గొల్లున నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. సాయంత్రానికి ఆయన పేరు రాయన్న అయిపోయింది. అన్న అనే మర్యాద కలిపానుగా, అదొక సమర్థింపు నాకు. ఆ మాటకి నేను ఎన్నాళ్లు మురిసిపోయానో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ఆ యార్డు ఇప్పుడు ఫర్నిచర్ గోడౌను. లారీలు వరసగా నిలబడిన చోట ప్లాస్టిక్ కవర్లు చుట్టిన సోఫాలు నిలబడి ఉంటాయి. ఎదురుగా టీకొట్టు మాత్రం అదే. ప్రతి గురువారం పొద్దున్నే నలుగురం అక్కడ కలుస్తాం. హారన్, రాయన్న, బొంగరం, నేను. మాట్లాడుకునేవన్నీ పాతవే. బ్రేకు వేసేముందు బండిని "తల్లీ, ఆగమ్మా" అని బతిమాలుకునే ఒక ముసలి డ్రైవరు ఉండేవాడు. ఓనరు కొత్త కారుని రివర్సులో నలిపేసి, దిగి ఓనరునే "ఎవడ్రా ఇక్కడ పెట్టింది?" అని తిట్టిన మహానుభావుడొకడు. వందోసారి చెప్పుకున్నా మొదటిసారి విన్నట్టే నవ్వుతాం. చివరికి బల్ల మీద నుంచి లేచేటప్పుడు ఎవడో ఒకడు "రాయన్నా, దారి చూసుకో" అంటాడు. అదీ రివాజే.

మొన్న వానలు మొదలైన వారం రాయన్న ఆలస్యంగా వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయింది.

"కోడలికి జ్వరం. మనవరాలిని బడిలో దింపొచ్చా" అన్నాడు.

"నడిచా? ఇంట్లో స్కూటరు ఉందిగా!" అన్నాడు హారన్.

"ఉంది. పిల్ల కూడా తాతయ్యా తాతయ్యా అని దాని చుట్టూనే తిరిగింది. నేను ముట్టుకోనురా. ఆ రోజు నాకు తెలియకుండానే కన్ను మూతపడిందంటే, రేపు పిల్లని వెనక కూర్చోబెట్టుకున్నప్పుడు పడదని ఏముంది?"

"మరి రాయి ఉందన్నావు?" అన్నాడు హారన్.

"రాయీ లేదు, రప్పా లేదు" అన్నాడు రాయన్న. "మొదట్లో గట్టిగానే అనుకున్నా. ఇంతమంది లేదు లేదు అంటుంటే నాకే అనుమానమొచ్చింది. నిద్రే పోయుంటా. బరువు సంచీ మోసుకుంటూ, పాపం, అంత దూరం వానలో నడిచింది పిల్ల."

బల్ల ఊగింది. నా టీ సగం నేలపాలైంది. తిట్టడానికి తల తిప్పేసరికి బొంగరం లేచి నిలబడ్డాడు, గొడుగు బల్ల కిందే వదిలేసి వానలోకి వెళ్లిపోయాడు.

తర్వాతి గురువారం వాడు రాలేదు. గొడుగు పట్టుకుని నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. కూతురి దగ్గర, మూడో అంతస్తులో ఉంటాడు. మెట్ల కింద రాళ్లు, ఇటుక ముక్కలు, పగిలిన టైల్సు నడుం ఎత్తున కుప్పపోసి ఉన్నాయి. తలుపు తీస్తూనే ఆ పిల్ల నా మీద విరుచుకుపడింది.

"బాబాయ్, మీరైనా చెప్పండి. వారం రోజులుగా నాన్న ఇంట్లో నిలవడం లేదు. వీధిలో రాళ్లన్నీ ఏరుకొచ్చి మెట్ల కింద పోస్తున్నారు. కింది వాటాల వాళ్లు రోజూ గొడవ. తిండి కూడా నిలబడే తింటున్నారు. ఒంట్లో బాలేదా అంటే పలకరు."

వాడు వీధి చివర దొరికాడు. చేతిలో ఇటుక ముక్క. నన్ను చూసి కూడా ఆగలేదు. నేను వాడి పక్కన పరుగులాంటి నడక నడిచాను. నా వయసులో అది నడక కాదు, శిక్ష.

"ఆగరా బాబూ, గుండె పట్టేస్తోంది" అన్నాను.

"ఆ రాయి నాది" అన్నాడు వాడు.

అప్పుడు నేనే ఆగిపోయాను. వాడు రెండడుగులు ముందుకెళ్లి, వెనక్కొచ్చి, నా చుట్టూ తిరుగుతూ చెప్పాడు. ఆ తెల్లవారుజామున రాయన్న కంటే రెండు గంటల ముందు ఆ మలుపులో వాడి బండికి పంక్చరైంది. మనిషి తోడు లేడు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఒక్కడే టైరు మార్చాడు. మొత్తం నాలుగు రాళ్లు పెట్టాడు, మూడు తీశాడు. మంచులో దూరంగా పెట్టిన నాలుగోది మర్చిపోయాడు.

"ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే బండి తీసేసుకుంటారు. ఇంట్లో మా ఆవిడకి నెలలు నిండాయి. చెయ్యి బాగవ్వగానే ఆయన బండి ఆయనకిస్తారులే అనుకున్నా. ఇవ్వలేదు. గేటు దగ్గర కూర్చోబెట్టిన రోజు మాత్రం, ఏదైతే అదయిందని, చెప్పేద్దామనే నడిచొస్తున్నా. అప్పుడే నువ్వు తల బయట పెట్టి అడిగావు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వుల్లో నాకు నోరు పెగల్లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "అంటే తప్పు నాదంటావా?"

"నీదనలేదు. ఎలా జరిగిందో చెబుతున్నా."

"ఇన్నేళ్లకి ఇదంతా ఎందుకు తవ్వుతావురా? ఆయనే మర్చిపోయాడు. చచ్చిన పాముని మళ్లీ కొట్టి ఏం బావుకుంటావు? నోరు మూసుకుని ఇంటికెళ్లి అన్నం తిను."

స్నేహితుడి మంచి కోరి అన్నట్టే అన్నాను. అందులో సగమే నిజం. రాయి నిజమైతే, ఇరవై ఆరేళ్లుగా నేను నవ్వించిన నవ్వంతా ఏమవుతుంది? ఆ భయం నాది.

"ఆ పిల్ల వానలో నడిచి వెళ్తోందిరా" అన్నాడు వాడు. చేతిలో ఇటుక ముక్కని పారేయలేక, పట్టుకోలేక, ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడ్డాడు. నేను గొడుగు వాడి చంకలో పెట్టి వచ్చేశాను.

ఆ వారమంతా నేనూ ఒకచోట కూర్చోలేకపోయాను. టీవీ పెట్టడం, ఆపడం. వీధిలోకి వెళ్లడం, ఎందుకెళ్లానో తెలియక తిరిగి రావడం. "నీకేమైనా బొంగరం గాలి సోకిందా?" అంది మా ఆవిడ. హారన్‌కి ఫోన్ చేసి ఈసారికి కలవొద్దులే అందామనుకున్నాను. రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను.

గురువారం నేను వెళ్లేసరికి బొంగరం అందరికంటే ముందే వచ్చి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వాడి మోకాలు ఊగడం లేదు. పెట్టిన గ్లాసు పెట్టినట్టే ఉంది, టీ మీద మీగడ కట్టింది. కళ్లతోనే వద్దని చెప్పాను. వాడు నా వైపు చూడలేదు.

హారన్ వచ్చాడు. కాసేపటికి రాయన్న కూడా, మళ్లీ తడిసిన ప్యాంటుతో, రోడ్డు దాటి వస్తున్నాడు. హారన్ తన పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"ఏం రాయన్నా, దారిలో రాయేమైనా ఉందా?"

"ఉంది" అన్నాడు బొంగరం.

హారన్ నవ్వబోయి, వాడి ముఖం చూసి ఆగాడు. బొంగరం లేచి నిలబడకుండానే అంతా చెప్పాడు. పంక్చరు, మంచు, నాలుగు రాళ్లు. ఒక్క ముక్క కూడా తనకి అనుకూలంగా తిప్పుకోలేదు. గేటు దగ్గర నా మాట సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే నాకు తేలిగ్గా ఉండేదేమో.

రాయన్న నిలబడే విన్నాడు.

"మూడు తీశావా?" అని అడిగాడు.

"మూడు తీశానన్నా."

"నాలుగోది మంచులో కనబడలేదా?"

"మంచు కాదన్నా. మర్చిపోయా."

రాయన్న వంగి, ఒకప్పుడు విరిగిన ఆ చేత్తోనే వాడి చొక్కా పట్టుకుని పైకి లేపాడు. అంత బలం ఆ చేతిలో మిగిలి ఉందని మాకెవరికీ తెలియదు. "నా కళ్లని నేనే నమ్మలేదు కదరా! ఇన్నేళ్లూ నన్ను నేనే దొంగని చూసినట్టు చూసుకున్నా కదరా!" అని అరిచాడు. టీకొట్టు మనిషి పరుగెత్తుకొచ్చాడు. బొంగరం విడిపించుకోలేదు, ఏడుస్తూ అలాగే వేలాడాడు. నేను లేవాలి, విడదీయాలి. లేవలేదు.

కాసేపటికి పట్టు దానంతటదే వదులైంది. రాయన్న బల్ల చివర కూర్చున్నాడు.

"ఎంత ఉంటుంది?" అన్నాడు.

"ఏదన్నా?"

"రాయి."

బొంగరం రెండు చేతులూ ఎత్తి, మధ్యలో మనిషి తలకాయంత ఎడం పెట్టి ఆయన ముందు పట్టుకున్నాడు. ఆ ఎడం తగ్గలేదు, పెరగలేదు.

"నాకెందుకురా? నేను ఆ రోజే చూశాను" అన్నాడు రాయన్న. "వాళ్లకి చూపించు."

బొంగరం చేతులు అలాగే పట్టుకుని ముందు హారన్ వైపు తిరిగాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నేను ఆ రెండు చేతుల మధ్యకి చూశాను. చూశాక ఆయన్ని పిలుద్దామని నోరు తెరిచాను. అన్నా అనే మాటకి ముందు ఏ పేరు పెట్టాలో తెలియలేదు. గేటు దగ్గర నేను నవ్వించిన రోజుకి ముందు ఆయన్ని ఏమని పిలిచేవాణ్ణో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.