శనివారం ఒక్కపొద్దు, ఎనిమిది యూనిట్ల ఇన్సులిన్

అక్క ఒక కాలికి చెప్పు లేకుండా ఇంటికొచ్చిన రోజు నాకు మొదటిసారి ఏదో తేడాగా ఉందనిపించింది. దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్ గుడ్డ కొని, ఎల్బీనగర్‌లో బస్సు దిగి, మన్సూరాబాద్‌లోని మా ఇంటిదాకా ఎండలో నడిచి వచ్చింది. "చెప్పు ఏదక్కా?" అని అడిగితే కిందికి చూసుకుంది. "అగో, యాడ ఊడిందో!" అని నవ్వింది. నేనూ నవ్వాను. మరునాటికి పాదం కింద పెద్ద బొబ్బ లేచింది. నొప్పి లేదంది. నొప్పి తెలియకపోవడమే జబ్బని అప్పుడు మాకు తెలియదు.

అక్క పేరు యాదమ్మ. పోచంపల్లిలో మగ్గం పని చేసిన మనిషి. బావ పోయాక నా దగ్గరికి వచ్చేసింది. నేను స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఒంటరిదాన్ని. ఇంట్లో మేమిద్దరమే. ఆమెకు చాలా ఏళ్లుగా షుగర్. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేది.

బొబ్బ పగిలి పుండయింది. పసుపు పెట్టాం. పది రోజులకు వాసన మొదలైతే ఎల్బీనగర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు అక్కను కళ్లు మూసుకోమని, సన్నటి దారం లాంటి దాన్ని పాదానికి అక్కడక్కడా తాకించాడు. పదిసార్లలో రెండుసార్లే ఆమె గుర్తుపట్టింది.

"న్యూరోపతి. పాదంలో స్పర్శ పోయింది. లోపల ఇన్ఫెక్షన్ ఉంది, డెబ్రిడ్‌మెంట్ చేస్తాం. షుగర్ తగ్గకపోతే వేలు తీయాల్సి రావచ్చు. ఇంకా పాకితే కాలే తీయాలి" అన్నాడు.

అడ్మిట్ చేసుకుని కుళ్లిన భాగం తీసేశారు. అక్క ఒక పూట తింటే ఒక పూట తినేది కాదు. అందుకని డాక్టరు నర్సులకు గట్టిగా చెప్పాడు. "ముందు తిననివ్వండి. తిన్నాకే ఇన్సులిన్."

నాలుగో రోజు శనివారం. పొద్దున్నే టిఫిన్ వచ్చింది. నాలుగు ఇడ్లీలు. అక్క వాటిని కవర్లో వేసి, మంచం పక్కనున్న చిన్న బీరువాలో పెట్టింది.

"ఇదేందక్కా?"

"నర్సింహసామి ఒక్కపొద్దే చెల్లె, పొద్దుగూకేదాంక తినొద్దు. నలభై ఏండ్ల సంది ఉంటున్న. దవాఖానల పడ్డనని ఇడుస్తనా?"

"ఇంజెక్షన్ ఇస్తరక్కా. చెప్పాలె."

"చెప్పకు. చెప్పినవంటే పెద్ద డాక్టర్ని తోలుకొచ్చి పంచాయితి పెడ్తది ఆ పిల్ల."

ఆ పిల్ల అంటే శిరీష. ఉద్యోగంలో కొత్తగా చేరిన నర్సు. ట్రేతో వచ్చి, "తిన్నవా అమ్మా?" అని అడిగింది.

"తిన్న బిడ్డా" అంది అక్క.

శిరీష ఖాళీ ప్లేటు చూసింది. నన్ను చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఎనిమిది యూనిట్లు ఇచ్చి వెళ్లింది.

గంట తర్వాత అక్క నుదుటి మీద చెమట పట్టింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఊరికే నన్ను కసిరింది. తర్వాత, "ఆసు పోసినవా పోరి?" అని అడిగింది. ఆసు మీద నూలు చుట్టడం, మగ్గం నేయడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. మందుల మత్తు అనుకున్నాను. ఇంకాసేపటికి పిలిస్తే మూలిగింది కానీ కళ్లు తెరవలేదు. జాకెట్ పూర్తిగా తడిసిపోయింది. భుజం ఊపాను. తల పక్కకు వాలిపోయింది. కేకేసి శిరీషను పిలిచాను.

శిరీష వెనకే ఇంచార్జి సిస్టర్ రత్నకుమారి వచ్చారు. కాకినాడ మనిషి. నేను గ్లాసుతో నీళ్లు తాగించబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "స్పృహ లేనప్పుడు నోట్లో ఏమీ పోయకూడదండీ. ఊపిరితిత్తుల్లోకి పోతుంది." అక్క మెడ కింద చెయ్యి పెట్టి చూసి, "జీఆర్‌బీఎస్ చూడమ్మా, షుగర్ ఎంతుందో" అన్నారు. వేలికొస నుంచి రక్తపు చుక్క తీస్తూ శిరీష, "పొద్దున తిన్నది కదా?" అని నన్ను అడిగింది.

"తిన్నది" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను.

మీటరు 38 చూపించింది. డెబ్బైకి తగ్గితేనే ప్రమాదం.

"మీరు తిన్నారంటున్నారు. ఇది ముప్పై ఎనిమిదంటోంది. దేన్ని నమ్మమంటారు?" అన్నారు సిస్టర్.

బీరువా తెరిచి ఇడ్లీల కవరు బయట పెట్టాను. ఆమె దానివైపు ఒక్కసారి చూసి, "సరే, అది తర్వాత. ట్వెంటీఫైవ్ డెక్స్‌ట్రోజ్ తీసుకురా" అన్నారు. ముంజేతికున్న క్యాన్యులా, మందులెక్కించే సూది గొట్టం, పనిచేయడం లేదు, అక్కడ వాచింది. ఇంకో నరం వెతకాలి. శిరీష సూదిని సిస్టర్ వైపు చాచింది. "నువ్వే పెట్టు. ఊపిరి పీల్చుకుని పెట్టు" అన్నారు సిస్టర్. మొదటిసారి తప్పింది. అక్క పెదాలు తెల్లబడుతున్నాయి. రెండోసారి దొరికింది. డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ నీళ్లు, నెమ్మదిగా ఎక్కుతుంటే నేను అక్క పాదాల దగ్గర నిలబడ్డాను. ఏమీ ప్రార్థించలేదు. ఏమీ తోచలేదు.

కొన్ని నిమిషాలకు కళ్లు తెరిచింది. "ఏందిట్ల అందరు మీద పడ్డరు? నేనింక సావలే."

పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 112. అప్పుడు సిస్టర్ అడిగారు. "తిననిదానికి తిన్నానని ఎందుకన్నారమ్మా?"

"ఎవలన్న తిన్నవా అంటే తిన్న అనే అంటం గద. లేదని ఎట్లంటం?"

సిస్టర్ శిరీష వైపు తిరిగారు. "విన్నావా? మనం అడుగుతున్నది వీళ్లకి పలకరింపు. అలా అడక్కు. ఏం తిన్నారు, ఎన్ని తిన్నారు, ఎప్పుడు తిన్నారు అని అడుగు. ఉపవాసముందా అని అడుగు" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"ఇప్పుడు తినాలి. లేకపోతే మళ్లీ షుగర్ పడిపోతుంది. దేవుడికి నేను చెప్తాలెండి" అన్నారు అక్కతో.

"మా నర్సింహసామి నీ మాట ఇంటడా?"

"డాక్టర్లే వినరు. ఆయనైనా వినకపోతాడా!"

అక్క చల్లారిన ఇడ్లీలు మూడు తిన్నది.

తర్వాత ఒక వేలు తీసేశారు. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. అక్క రెండేళ్లు బతికింది. పోయినేడు గుండెపోటుతో ఇంట్లోనే పోయింది.

ఆ తర్వాత చుట్టాలు రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడిగేవారు. తిన్నానని చెప్పేదాన్ని. ఒకరోజు కళ్లు తిరుగుతుంటే షుగరేమోనని అదే ఆసుపత్రికి వెళ్లాను. బీపీ చూడటానికి శిరీష వచ్చింది. "పొద్దున ఏం తిన్నరమ్మా? ఎన్ని గంటలకు?" అని అడిగింది. ఏదో ఒకటి చెబుదామని వెతికితే ఏమీ దొరకలేదు. "నిన్న పొద్దున్నుంచి ఏం తినలే" అన్నాను. ఆమె బిస్కెట్ ప్యాకెట్ చింపి నా చేతిలో పెట్టి, తినడం పూర్తయ్యేదాకా పక్కనే నిలబడింది.

నాకు షుగర్ ఇంకా హద్దులోనే ఉంది. రోజుకు మూడు పూటలా వండుకుంటున్నాను.

ఇది చదివే నర్సులు, మంచం పక్కన కూర్చునేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇన్సులిన్ ఇచ్చేముందు తిన్నారా అని అడగకండి. ఏం తిన్నారో, ఎంత తిన్నారో అడగండి. వీలైతే తింటుండగా చూడండి. తినకపోతే, రోగి చెప్పకు అన్నా సరే, తినలేదని చెప్పండి.