మా మేనత్త చేసిన పురుడు

మా మేనత్త మొన్న పొద్దున కోదాడలో, మా ఇంట్లోనే పోయింది. ఊపిరాడక పోయింది. సూర్యాపేటలో మాత్రం "చేసిన పాపం కట్టి కుడిపింది" అంటున్నారట. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు, చెబుతాను. బతికున్నవాళ్ళ సంగతి కూడా చెబుతాను.

మిర్యాలగూడలో భర్త పోయాక ఆమె సూర్యాపేటకు, మా నాన్న ఇంటికి వచ్చింది. నాకు జడలు వేసింది, అక్షరాలు దిద్దించింది ఆమే. వక్క నములుతూ "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా" అనేది. ఆ సామెత మా ఇంట్లో పనిచెయ్యలేదు.

నేను కాపురానికి కోదాడ వచ్చాక ఆమె కడుపు పెరగసాగింది. మొదట నింద వేసింది పరాయివాళ్ళు కాదు, మా అమ్మ. వాకిట్లో నిలబెట్టి "ఎవనిదే?" అని అడిగి, వాడకట్టంతా వింటుండగా మా జీతగాడి పేరు తనే అంటగట్టింది. నాన్న చెప్పులేసుకుని పొలానికి వెళ్ళిపోయాడు. మేనత్త తన పక్కను పశువుల కొట్టంలోకి మార్చుకుంది.

నెలలు నిండి దాటిపోయినా కాన్పు కాలేదు. కబురు తెలిసి నేనే వెళ్ళి బెజవాడ తీసుకుపోయాను. రజాకార్ల భయానికి బండ్లు కదలని రోజులవి. డాక్టరమ్మ గర్భసంచిలోంచి గుమ్మడికాయంత గడ్డ తీసింది. చెడ్డ గడ్డ కాదు, భయం లేదంది.

మేనత్త తిరిగొచ్చి ఏడుస్తూ కూర్చోలేదు. గడ్డ తీసిన ఇరవై ఒకటో రోజున, బిడ్డను కన్నట్టే, పురుడు చేసింది! తను బొట్టు పెట్టకూడదు కాబట్టి నన్ను పంపి ఆడవాళ్ళందరినీ పిలిపించింది. కొట్టంలో తొట్టెల కట్టింది. బిడ్డకంటే ముందు తొట్టెలలో రుబ్బురోటి పొత్రం వేయడం మా ఆచారం. ఆ రాతిని కొత్తగుడ్డలో చుట్టి పడుకోబెట్టి, మా అమ్మ వైపు తిరిగింది.

"వదినె, తండ్రి పేరు నువ్వే జెప్తివి. గిప్పుడు బిడ్డ పేరు గూడ నువ్వే పెట్టు. లేకుంటే 'నేనన్నది అబద్ధం' అని గీళ్ళ ముంగట అను. నోటితోటి అన్నది నోటితోటే తీసుకోవాలె."

అమ్మ కొంగు దులుపుకొని వెళ్ళిపోయింది. మేనత్త నాతో కోదాడ వచ్చేసింది.

రెండేళ్ళకు దగ్గు, ఆయాసం. క్షయ అనుకున్నాం. బెజవాడలో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా గుండ్రటి మచ్చలు.

"క్షయ కాదమ్మా, రాచపుండూ కాదు," అంది డాక్టరమ్మ. "కడుపులో ఉండిన ఆ గడ్డే అక్కడా మొలిచింది. వెయ్యిమందిలో ఒకరికి కూడా రాదు. మంచి గడ్డే, కానీ ఇన్ని ఉంటే ఊపిరికి చోటేదీ?"

మేనత్త ఆయాసంలోనే నవ్వింది. "మంచిదేనట గని ఊపిరి తీస్తదట. అచ్చం మా వదినె లెక్కనే."

చివరి రోజుల్లో పడుకోలేక నా భుజానికి ఆనుకుని కూర్చునేది. సూర్యాపేట నుంచి ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న: "మా వదినె ఆ మాట అన్నదా?"

పోయిన రోజు అమ్మ వచ్చింది, వీధి మొదటి నుంచే గుండెలు బాదుకుంటూ. నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"ముందు ఆ మాట అను. ఎన్కశీరి ఏడు."

"శవం ముంగట గిదేందే?"

"బతికున్నప్పుడు అనకపోతివి."

వీధంతా చూస్తోంది. "తప్పు నాదే" అని గొణిగింది.

"ఇనబడలే."

"నా ఆడబిడ్డ మీద నేనేసిన నింద అబద్ధం!" అని అరిచింది.

అయినా నేను జరగలేదు. ఆ మాట వినాల్సిన చెవులు చల్లబడ్డాయి. అమ్మ మీద నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగడం లేదు. పాడె ఆమె పక్క నుంచే వెళ్ళింది. శవం మీద కప్పడానికి తెచ్చిన పుట్టింటి చీర, మడత విప్పకుండానే చంకలో పెట్టుకుని, అమ్మ నడివీధిలో ఎండకు నిలబడి ఉంది.