పోయినేడు పేపరు

మా మనవరాలు ఏదో గవర్నమెంటు పరీక్షకు చదువుతోంది. పొద్దున్నే వసారాలో కూర్చుని, ఒక సంవత్సరం పేరు చెప్పి, ఆ ఏడు లోకంలో జరిగిన సంగతులన్నీ ఎక్కాలు వల్లించినట్టు వల్లిస్తుంది. నిన్న నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఎనభై ఆరు మొదలుపెట్టింది. తోకచుక్క వచ్చింది. రాకెట్టు ఆకాశంలో పేలింది. రష్యా వైపు అణుకరెంటు ఫ్యాక్టరీ కాలింది. గోదావరి ఊళ్లను ముంచింది. "ఇయ్యన్నీ నాకు తెలుసులేమ్మా" అన్నాను. "నీకెట్ల తెలుసవ్వా? అప్పటికి నీకు సంతకం కూడా రాదంటివి గదా" అంది. నిజమే, ఆ ఏడు నాకు అక్షరం ముక్క రాదు. ఎనభై ఆరును నేను మరుసటి ఏడు చదివాను. అదీ వరసగా కాదు, ముందుది వెనక, వెనకది ముందు.

మార్కాపురంలో అప్పుడు ఏ సందులోకి పోయినా పలకల షెడ్డే. ఎక్కడెక్కడి పిల్లలో దిద్దుకునే పలకలు మా చేతుల మీదుగా పోయేవి. మాలో దిద్దుకున్న వాళ్లు మాత్రం తక్కువ. నేనూ, మా అన్న భార్యా ప్యాకింగులో ఉండేవాళ్లం. అన్న అదే షెడ్డులో అవతలి కొసన రంపం మిషను మీద రాయి కోసేవాడు. మిషను తిరిగితే తెల్లటి దుమ్ము లేచి, ఎండ పడిన చోట పొగలా నిలబడేది. మధ్యాహ్నానికి అన్న మీసం, కనుబొమలు, చెవుల్లో వెంట్రుకలు అన్నీ తెల్లబడేవి. పడుచు వయసు మనిషి మా తాతలాగా కనిపించేవాడు. వదినకు అదొక నవ్వులాట. "అందరికీ మొగుడి ముసలి మొగం ముసలోడైనాకే కనపడతది. నాకు ఇప్పుడే దినామూ చూపిస్తుండాడమ్మే" అనేది.

పలకకూ పలకకూ రాపిడి పడకుండా మధ్యలో పాత పేపరు పెట్టి పెట్టెలో సర్దాలి, అదీ మా పని. పోయినేటి పేపర్లు కట్టలు కట్టలుగా లారీలో వచ్చేవి. నాకు అక్షరాలు నేర్పింది మా చర్చి పాస్టరమ్మ. ఆదివారం ఆరాధన అయ్యాక, మూల విరిగి అమ్మకానికి పనికిరాని పలకల మీద దిద్దించింది. బైబిలు చదవాలని మొదలుపెట్టాను గాని, ముందుగా చేతికి దొరికింది పేపరే. అన్నం వేళ కూడబలుక్కుంటూ పైకి చదివేదాన్ని. వదిన ఊరుకుంటుందా? "మా పంతులమ్మ మొదలుబెట్టింది. అది ఒక మాట ముగించేలోపల పులుసు చల్లారిపోతది, తినండే" అని అందరినీ నవ్వించేది. ఏదో దేశంలో రాజ్యమేలినాయన పెళ్లాంతో సహా పారిపోతే, ఆమె వదిలిపోయిన చెప్పులు వేల జతలు దొరికాయట. అది విని, ఆడవాళ్లం పగిలిపోయిన మా కాళ్ల కేసి చూసుకున్నాం. చివరికి వదినే అంది, "అన్ని పెట్టుకోని ఏం జేసింది? ఉరికేటప్పుడు ఒక జతే గదా ఏసుకోని పోయింది."

కట్టల్లో తేదీలు కలగాపులగంగా ఉండేవి. వరద తీసిన పేపరు ముందు వచ్చేది, వరద పొంగిన పేపరు పది రోజులకు దొరికేది. అందుకే మాలో ఎవరూ ఏ వార్తకూ భయపడేవాళ్లు కాదు. మా షెడ్డులో పేపరంటే అయిపోయిన సంగతి. దాన్ని రెండు పలకల మధ్య పెడితే ఇంక పూర్తిగా అయిపోయినట్టే.

ఒక్కసారి మాత్రం అలా కాలేదు. రాకెట్టు పేలి లోపలి వాళ్లంతా పోయిన పేపరు మేం ముందే చదివాం. తెల్లటి పొగ రెండుగా చీలిన బొమ్మ కూడా చూశాం. తరవాత ఇంకో కట్టలో అంతకు ముందరి పేపరు వచ్చింది. అందులో ఆ రాకెట్టు ఎక్కబోతున్న బడి పంతులమ్మ నవ్వుతూ ఉంది. పైనుంచి పిల్లలకు పాఠం చెబుతుందట. వదిన ఆ కాగితం లాక్కుని ఆమె ముఖం కేసే చూస్తూ కూర్చుంది. "ఇంత నవ్వుతా ఉండాదే. ఎక్కొద్దని చెప్పేవాళ్లు ఒక్కరు లేకపోయినారా?" అంది. "ముందు ఎవరికి తెలుస్తుంది వదినా?" అన్నాను. "ఎవరికో తెలిసే ఉంటది. చెప్పుండరు" అంది. ఆ కాగితాన్ని పలకల మధ్య పెట్టలేదు. మడిచి తన అన్నం సంచిలో వేసుకుంది.

ఎండాకాలం, బడులు తెరిచే ముందు మాకు ఊపిరి సలపని పని. అప్పుడు దొరికింది ఆ చిన్న వార్త, ఒక మూలన, బొమ్మ కూడా లేకుండా. రాతి దుమ్ము పీల్చేవాళ్లకు ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయనీ, డాక్టర్లు దాన్ని క్షయ అనుకుని మందులిస్తారనీ, ఆ మందులకు అది తగ్గదనీ ఉంది. రెండుసార్లు చదివి, డ్రమ్ము దగ్గర నీళ్లు తాగుతున్న అన్నకు తీసుకుపోయి వినిపించాను.

"ఎప్పటి పేపరమ్మే?" అన్నాడు.

"పోయినేడుది."

"మరింకేంది? అది నిజమైతే నేనీపాటికి పోయుండాల. గుండురాయి మాదిరి ఉండా గదా" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గయి, దగ్గు ఆగక డ్రమ్ము పట్టుకుని వంగిపోయాడు.

చెబితే నమ్మరు, అన్న మాట నాకూ సబబుగానే తోచింది. పోయినేడు కదా! వదినకు తోచలేదు. సంచిలోంచి ఆ రాకెట్టు పంతులమ్మ కాగితం తీసి అన్న ముఖాన పెట్టింది. "ఈమెకెవరూ చెప్పలా. నీకు నేను చెప్తుండా. ఆ మిషను దిగు."

"బళ్లు తెరిచేదాంక ఆగవే. మేస్త్రి ఊరుకోడు."

"అయితే నేనెక్కుతా" అని పోయి రంపం ముందర ఆయన స్టూలు మీద కూర్చుంది. మేస్త్రి అరిచాడు. అందరూ పని ఆపి చూశారు. వదిన లేవలేదు. అన్న తలగుడ్డ విప్పి దులుపుకుని, ఆమె రెక్క పట్టుకుని బయటికి నడిచాడు. రంపం మాత్రం ఆ పూటే మళ్లీ తిరిగింది. మర్నాడు యర్రగొండపాలెం వైపు నుంచి వచ్చినాయన ఆ స్టూలు మీద ఉన్నాడు. ఆయనకూ వార్త చదివి వినిపించాను. "ఎప్పటి పేపరక్కా?" అన్నాడు.

అన్న కంభం చెరువు కింద మడి పనులకు పోయాడు. కనుబొమలు మళ్లీ నల్లబడ్డాయి. ఆ నలుపు చూసి వదిన, తన మొగుణ్ణి తనే మళ్లీ కన్నట్టు మురిసిపోయింది. దగ్గు మాత్రం దిగలేదు. అది ఎప్పుడో ఎక్కి కూర్చుంది. కొన్నేళ్లకు మెట్లెక్కలేకపోయాడు, ఆ తరవాత మంచం దిగలేకపోయాడు. డాక్టరు క్షయ అన్నాడు. మందులు మింగించాం, తగ్గలేదు. ఆ మూలన వేసిన వార్తలో ఒక్క మాట తప్పు పోలేదు. పోయాక పెట్టెలో పడుకోబెట్టినప్పుడు మీసం నల్లగా నిగనిగలాడుతోంది. వదిన దాన్ని వేలితో దువ్వుతూ, "ముసలోడివి దినామూ కనపడితివి గదయ్యా, నేను నవ్వితి" అంది.

"ఎనభై ఆరు అయిపోయిందవ్వా" అంటూ మనవరాలు పేజీ తిప్పింది. దాని పుస్తకంలో సంవత్సరాలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా అయిపోతాయి. మా ఇంటికి ఎనభై ఆరు ఆలస్యంగా వచ్చింది. వచ్చినది ఇంకా పోలేదు.