కాలికి అందని బ్రేకు

గొంతులో గొట్టం ఉంది కాబట్టి బస్సు డ్రైవరు ఏమీ అడగలేడు. అది పీక్కోకుండా చేతులు మంచం కమ్మీలకు కట్టేశారు. ఐసీయూలో ఆరని లైట్ల కింద పగలో రాత్రో తెలియదు. పక్కమంచం మిషను కూసినా తనకే ఏదో అయిందని గుండె గుభేలుమంటుంది. దుప్పటి కింద కుడికాలు గట్టిగా ముందుకు తొక్కుతుంది.

"మళ్లీ కాలు విదిలిస్తున్నారు, దీన్నీ కట్టెయ్యాలి" అంటూ నర్సు ఇంకో గుడ్డ తెచ్చింది. అప్పుడే చూడ్డానికి లోపలికొచ్చిన భార్య ఆ కాలు చూసి కంగారుగా అడ్డం వెళ్లింది. "కట్టకమ్మా! బ్రేకు వేస్తున్నారు. ఇంట్లో నిద్రలో ఉలిక్కిపడినా ఇంతే." మిషను మళ్లీ కూసింది. ఆమె అరచేతిని అతని అరికాలికి అదిమిపెట్టింది. కాలు తొక్కింది, ఈసారి ఏదో తగిలింది. "ఆగిందండీ, బండి ఆగింది." కాలు మెల్లగా వదులైంది. టైమైపోయిందని నర్సు పిలిచినా ఆమె చెయ్యి తియ్యలేదు.