ఎద్దుకు వద్దన్న గింజలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక యుద్ధం జరిగింది. ఒక వైపు ఊరి పటేల్, ఇంకో వైపు ఒంటరిగా ఒక ఆడమనిషి, చుట్టూ నోళ్లు తెరిచిన జనం. అప్పుడే కత్తులూ గుర్రాలూ ఊహించుకున్నవాళ్లు మన్నించాలి. జరిగింది గుడాల పంచాయితీ. గుడాలంటే ఉడకబెట్టిన కందులు. గుర్రం లేదు గాని, ఒక ఎద్దు ఉంది.

మాది నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే దారిలో ఒక పల్లె. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. తొలకరి పడగానే మా అమ్మ, మేం ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచే పక్కింటామె, ఇంకొందరు ఆడవాళ్లు పటేల్ చేనుకు కంది విత్తనం వేయడానికి పోయేవాళ్లు. ఆ ఏడు బడి ఇంకా తెరవలేదు కాబట్టి నేనూ వెంట పోయాను, పని చేసేవాళ్లకు అడ్డం పడడానికి.

పొద్దున్నే పటేల్ గోనెపట్టా మీద కందులు పోయించి, వాటి మీద గులాబి రంగు పొడి కుమ్మరించాడు. విత్తనం మట్టిలో కుళ్లకుండా కలిపే మందు అది. నీళ్లు చిలకరించి ఉత్త చేతులతో కలపమన్నాడు. తాను మాత్రం చూసి చూసి, గాలి వచ్చే వైపు నిలబడ్డాడు. పొడి లేచి ఆడవాళ్ల కళ్లలో, ముక్కుల్లో పడింది. అందరూ తుమ్మారు, కళ్లు నులుముకున్నారు, అవే చేతులతో. ఖాలా ఒక్కతే ముక్కుకు కొంగు బిగించి కట్టుకుంది. కొత్త పెళ్లికూతురులా సిగ్గుపడుతోందని మిగతావాళ్లు నవ్వారు. మధ్యాహ్నానికి నవ్వినవాళ్ల కళ్లు ఎర్రబడ్డాయి, మా అమ్మ ముంజేతుల మీద దద్దుర్లు లేచాయి. ఆ చేతులే కొంగుకు తుడుచుకుని రొట్టె తిన్నారు.

పని అయ్యాక మందు కలిపిన కందులు కొన్ని మిగిలాయి. పటేల్‌కు దానగుణం పొంగింది. కడిగి ఉడకబెట్టుకోండి, ఏం కాదని తలా ఒక మూట కట్టించాడు. అంతలో ఆయన ఎద్దు వచ్చి ఒక మూటలో మూతి పెట్టబోయింది. పటేల్ ఉరికొచ్చి ముల్లుగర్రతో దాన్ని ఒక్కటేశాడు. అందరూ చూశారు. ఆలోచించింది మాత్రం ఖాలా.

ఇంటికి రాగానే అమ్మ ఆ కందులను కడిగి కుండలో నానేసింది. ఖాలా వచ్చి పారబోయమంది. రంగంతా పోయింది కదా అని అమ్మ. నీళ్లకే పోయే మందైతే వానలో విత్తనాన్ని ఏం కాపాడుతుందని ఖాలా. ఆమె వాడకట్టంతా తిరిగి చెప్పింది, ఒక్కరూ వినలేదు. ఊరికే వచ్చిన తిండిని విషమంటే ఎవరికి నచ్చుతుంది? కొడుకు పట్నంలో పని చేస్తుండు, ఆమెకేం తక్కువ అన్నారు. నాకూ ఆమె మీద కోపమే వచ్చింది. గుడాలంటే నాకు ప్రాణం. ఆ ప్రాణానికే ఎసరు పెట్టారని అప్పుడు తెలియదు.

ఖాలా ఇక ఎవరితోనూ వాదించలేదు. ఇంటికి పోయి పొయ్యి వెలిగించింది. పొద్దు గూకే వేళ, మర్నాటి పని అడగడానికి ఆడవాళ్లంతా పటేల్ అరుగు ముందు చేరారు. పొగలు కక్కే గిన్నెతో ఖాలా వచ్చింది.

"నువ్విచ్చిన కందులే పటేలా. ముందుగాల నువ్వు తిను, ఇగ మేం తింటం."

పటేల్ ఇప్పుడే తిన్నానన్నాడు. తర్వాత పన్ను నొప్పన్నాడు. చివరికి ఆ రోజు ఒక్కపొద్దన్నాడు. ఇప్పుడే తిన్నవాడు ఒక్కపొద్దు ఎలా ఉన్నాడని ఎవరూ అడిగేలోపే, ఆయన చిన్న మనవడు వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టబోయాడు. పటేల్ వాణ్ణి రెక్క పట్టి గుంజాడు.

"ముట్టకురా, మందు గింజలవి. సస్తవ్."

ఖాలా గొంతు పెంచలేదు.

"ఎద్దును గొట్టి ఆపినవ్, మనుమణ్ణి గుంజి ఆపినవ్. మా పోరగాండ్లకేమో మూట గట్టి పంపినవ్. మేమేంది పటేలా, గా ఎద్దు కన్న తక్కువనా?"

తెలువక ఇచ్చిన అని పటేల్ గొణిగాడు.

"తెలువకుంటే ఎద్దునెందుకు గొట్టినవ్?" అంది మా అమ్మ. అంతకు ముందు దాకా ఖాలాతో కొట్లాడిన మా అమ్మే.

అప్పుడు ఖాలా గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి నోట్లో వేసుకుంది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు, అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఖాలా తీరిగ్గా నమిలి మింగి, ఇవి మా ఇంటి కందులని, ఆయనిచ్చినవి మూటలోనే ఉన్నాయని చెప్పింది. పటేల్ మనవడికీ ఇంత పెట్టింది. ఈ గొడవలో వాడి తప్పేం లేదు మరి.

ఆ రాత్రి ఎవరి ఇంట్లోనూ ఆ గింజలు ఉడకలేదు. చేదబావికి దూరంగా లోతు గుంట తీసి అన్నీ పూడ్చారు. అమ్మ నానేసిన కుండనూ అందులోనే పగలగొట్టింది. పటేల్ క్షమాపణ చెప్పలేదు. మర్నాడు పనికి పిలిచాడు, వీళ్లూ పోయారు. ఊళ్లో వేరే పని లేదు. కాకపోతే అందరి ముక్కులకూ కొంగులున్నాయి, పొడి కలపడానికి కట్టె, కడుక్కోవడానికి సబ్బు ఇచ్చేదాకా ఒక్కరూ గోనెపట్టా దగ్గరికి పోలేదు.

నా తల ఇంకా నెరవకపోయినా ఊరి పిల్లలు నన్ను పెద్దల్లో కలిపేశారు కాబట్టి పెద్దమనిషిలాగే చెబుతాను. ఆ పొడి మీద నాకు ఏనాడూ కోపం లేదు. విషం తన పని తాను చేస్తుంది. తెలిసి పంచిన మనిషి మీదే కోపం, అది ఇప్పటికీ చల్లారలేదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఏటా మా చేను విత్తనానికి మందు నేనే కలుపుతాను, ఇంకెవరినీ ముట్టనివ్వను. రబ్బరు చేతి తొడుగులు ఎరువుల దుకాణంలోనే దొరుకుతాయి. అడిగితేనే ఇస్తారు.