రేగుపూత మీద పొగమంచు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, నేను పనిచేసే ఇంటి యజమానురాలు, అక్కడి వాడుకలో మామా, తన పిల్లల్నీ నన్నూ వెంటబెట్టుకుని దేశం దక్షిణాన వఫ్రాలోని తమ తోటకు చేరింది. తోట పనివాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. రేగుచెట్లు నిండుగా పూశాయి. ఒక ఉదయం తేమగాలితో పొగమంచు కమ్మింది. మా కడప వైపు మామిడిపూతకు ఇలాంటి మంచులోనే బూడిద తెగులు పట్టేది; గంధకం చల్లేవాళ్లం.

"మామా, గంధకం పొడి ఒక్క సంచే ఉండాది. ఇప్పుడే చల్లుదామా?" అని అడిగాను.

"ఎండ వస్తే ఆకులు ఆరతాయేమో, చూద్దాం," అంది.

పొద్దెక్కినా ఆకులు తడిగానే ఉన్నాయి. మామా "యల్లా, పద" అంటూ లేచింది. ఇద్దరం ముక్కులకు గుడ్డలు కట్టుకుని, మంచు విడిచాక చెట్టుచెట్టుకూ చల్లాం.

పూత నిలిచింది. సైన్యం వెళ్లిపోయేనాటికి కాయలు పండాయి. వాళ్లు పోతూ తగలబెట్టిన నూనెబావుల పొగ ఆకాశమంతా ఉన్నా, పిల్లలు పండ్లు కడుక్కుని కడుపునిండా తిన్నారు.